థైరాయిడ్ బిళ్ళకి ఆరు వారాల ఓపిక ఎందుకు? గొర్రెల నుంచి శ్రీకాకుళం డాక్టరు దాకా

ఎప్పట్లాగే ఇవాళ కూడా చరిత్రే చెప్పుకుందాం. కాకపోతే ఇవాళ రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక చిన్న బిళ్ళ ఉంది. మీ ఇంట్లో అమ్మో, అక్కో, పిన్నో పొద్దున్నే లేచి పరగడుపున వేసుకునే థైరాయిడ్ బిళ్ళ. అమ్మలే కాదు, కాలేజీ పిల్లలు కూడా వేసుకుంటున్నారు ఇప్పుడు.

నేనూ వేసుకుంటున్నాను. మాది విజయనగరం జిల్లా, చీపురుపల్లి పక్కన ఊరు. రెండేళ్ళ కిందట ఎప్పుడూ నిద్రమత్తు, జుట్టు రాలడం, మే నెలలో కూడా పొద్దున్నే చలి. రక్తపరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 18 వచ్చింది. ఉండాల్సింది సుమారు 4 లోపు. డాక్టరు గారు చీటీ మీద నాలుగు మాటలు రాశారు. 50 మైక్రోగ్రాములు. పరగడుపున, మంచినీళ్ళతో. గంటసేపు ఏమీ తినొద్దు, తాగొద్దు. ఆరు వారాల తర్వాత మళ్ళీ పరీక్ష. ఎందుకో చెప్పే తీరిక లేదు, బయట బెంచీ నిండా జనం.

ఇంట్లో మాత్రం అందరికీ ప్రశ్నలే. అమ్మ, "ఏటే, ఇంత బిళ్ళకి గంటసేపు టీ తాగకూడదేటి?" అంది. మా పెద్దమ్మ నెల తిరిగేసరికి, "నెలయ్యింది కదే, ఇంకా తగ్గనేదేటి? ఆ డాక్టర్ని మార్చు" అంది. ఒకరు ఉప్పు మార్చమన్నారు. ఇంకొకరు పెళ్ళి సంబంధాల వాళ్ళకి ఈ మాట చెప్పొద్దన్నారు.

ఆ ప్రశ్నలన్నిటికీ జవాబులు చరిత్రలో ఉన్నాయి. చీటీ మీద ఉన్న ఒక్కో మాట వెనక ఎవరో ఒకరు ఏళ్ళ తరబడి పడ్డ కష్టం ఉంది. అవి తెలిస్తే ఆ ఆరు వారాలు ఓపిక పట్టడం తేలికవుతుంది. అందుకే ఈ ఎపిసోడ్.

గ్రంథి తీసేస్తే తెలిసింది

గొంతు ముందు, కంఠం కింద సీతాకోకచిలుక రెక్కల్లా ఉండే గ్రంథి థైరాయిడ్. అది ఏం చేస్తుందో 1870ల దాకా ఎవరికీ సరిగ్గా తెలీదు. 1873లో లండన్‌లో విలియం గల్ అనే డాక్టరు కొంతమంది ఆడవాళ్ళ గురించి రాశాడు. మొహం ఉబ్బి, మాట బరువెక్కి, మనిషి మొత్తం నెమ్మదించిపోయిన వాళ్ళు. 1878లో విలియం ఆర్డ్ ఆ జబ్బుకి మిక్సిడీమా అని పేరు పెట్టాడు. పేరైతే పెట్టారు గానీ కారణం తెలీదు.

కారణం స్విట్జర్లాండ్‌లో బయటపడింది. అక్కడి కొండ ఊళ్ళలో గళగండం, అంటే గొంతు కింద పెద్ద వాపు, చాలామందికి ఉండేది. బెర్న్ నగరంలో థియోడర్ కోకర్ అనే సర్జన్ ఆ ఆపరేషన్లలో సిద్ధహస్తుడు. రక్తం పోకుండా, ప్రాణం పోకుండా గ్రంథి మొత్తం తీసేసేవాడు. తర్వాత పాత పేషెంట్లని మళ్ళీ పిలిపించి చూశాడు. గ్రంథి పూర్తిగా తీసేసిన 18 మందిలో 16 మంది మందకొడిగా, ఉబ్బిపోయి, చిక్కిపోయి ఉన్నారు. పిల్లలైతే ఎదగడం ఆగిపోయింది. ఆపరేషన్ బాగానే జరిగింది, మనిషి మాత్రం పాడయ్యాడు. 1883లో కోకర్ ఈ సంగతి సభలో అందరి ముందూ చెప్పాడు. ఇక మామూలు గళగండానికి గ్రంథి మొత్తం తియ్యనని కూడా చెప్పాడు. 1909లో ఆయనకి నోబెల్ వచ్చింది.

1888లో లండన్ డాక్టర్ల కమిటీ ఒకటి లెక్క తేల్చింది. గల్ చూసిన ఆడవాళ్ళ జబ్బు, కోకర్ పేషెంట్ల జబ్బు, పుట్టుకతోనే ఎదుగుదల లేని పిల్లల జబ్బు, అన్నిటికీ మూలం ఒకటే. థైరాయిడ్ పని చెయ్యకపోవడం.

ఒక మనిషికి 870 గొర్రెలు

గ్రంథిలో ఉన్నదేదో ఒంటికి అందట్లేదు. మరి బయట నుంచి ఇస్తే? 1891లో ఇంగ్లాండ్‌లోని న్యూకాజిల్‌లో జార్జ్ ముర్రే అనే కుర్ర డాక్టరు అదే పని చేశాడు. గొర్రె థైరాయిడ్ నుంచి రసం తీసి, 46 ఏళ్ళ ఒకావిడకి సూదిమందుగా ఇచ్చాడు. కొన్ని నెలల్లో ఆవిడ మొహం వాపు తగ్గింది, మాట చురుకైంది, ఒళ్ళు వెచ్చబడింది. మరుసటి ఏడాదికే సూది అక్కర్లేదు, నోటితో తీసుకున్నా పనిచేస్తుందని ఇంకో ఇద్దరు డాక్టర్లు చూపించారు. వాళ్ళలో ఒకాయన గ్రంథిని కొంచెం వేయించి, పళ్ళ జెల్లీతో కలిపి పెట్టాడట! మనం ఇప్పుడు చిన్న బిళ్ళకి మొహం చిట్లిస్తున్నాం.

ముర్రే పేషెంటు ఆ తర్వాత 28 ఏళ్ళు బతికింది. 1919లో 74 ఏళ్ళ వయసులో పోయింది. అన్నేళ్ళలో ఆవిడ కోసం 870కి పైగా గొర్రెల గ్రంథులు వాడారని ముర్రేయే లెక్క రాశాడు. ఏడాదికి ముప్పై పైచిలుకు గొర్రెలు.

"జీవితాంతం వేసుకోవాలా?" అని మనం బెంగపడతాం చూడండి, ఆ ప్రశ్నకి మొట్టమొదటి జవాబు ఈవిడే. ఆ రసం జబ్బుని చంపే మందు కాదు. ఒంట్లో తయారవ్వాల్సింది తయారవ్వట్లేదు కాబట్టి, ఆ లోటుని రోజూ పూడ్చడం. ఇవాళ్టి బిళ్ళ చేసేదీ అదే.

మూడు టన్నుల నుంచి 33 గ్రాములు

గొర్రె గ్రంథితో ఒక చిక్కుంది. ఒక్కో గొర్రెలో ఒక్కోలా ఉంటుంది. డోసు నిక్కచ్చిగా చెప్పలేం. అందులో అసలు సరుకేదో విడదియ్యాలి. 1914 డిసెంబర్ 25న, క్రిస్మస్ రోజు, అమెరికాలో మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండాల్ ఆ సరుకుని స్ఫటికాలుగా విడదీశాడు. దానికే తర్వాత థైరాక్సిన్ అని పేరు. తర్వాతి కొన్నేళ్ళలో సుమారు 3 టన్నుల పంది గ్రంథుల నుంచి ఆయనకి దక్కింది 33 గ్రాములు.

ఇక్కడ ఒక లెక్క వేద్దాం. నాకు రాసింది 50 మైక్రోగ్రాములు. ఒక గ్రాములో అలాంటి డోసులు 20,000 ఉంటాయి. అంటే 33 గ్రాములంటే 6 లక్షల 60 వేల డోసులు. ఇంత పిసరుతో మన ఒళ్ళు నడుస్తుంది. సగం బిళ్ళ ఎక్కువైనా తక్కువైనా తేడా కొట్టేది అందుకే.

1926లో లండన్‌లో చార్లెస్ హారింగ్టన్ థైరాక్సిన్ నిర్మాణం ఏంటో తేల్చాడు. మరుసటేడు జార్జ్ బార్జర్‌తో కలిసి ల్యాబ్‌లోనే తయారు చేశాడు. దాన్ని ఒంటికి బాగా పట్టే సోడియం లవణంగా మార్చి, 1950ల నాటికి బిళ్ళలుగా అమ్మకానికి తెచ్చారు. మన సీసాల మీద లెవోథైరాక్సిన్ సోడియం అని ఉండేది అదే. గొర్రెలతో, పందులతో పని తప్పింది.

ఆ థైరాక్సిన్‌లో నాలుగు అయోడిన్ పరమాణువులు ఉంటాయి. బరువులో మూడింట రెండు వంతులు అయోడినే. ఈ మాట గుర్తు పెట్టుకోండి. శ్రీకాకుళం వెళ్ళినప్పుడు అవసరమవుతుంది.

ఆరు వారాలు ఎందుకు?

ఇప్పుడు మా పెద్దమ్మ ప్రశ్నకి వద్దాం. నెల దాటినా ఎందుకు తగ్గలేదు?

థైరాక్సిన్ ఒంట్లో చాలా నెమ్మదిగా ఖర్చవుతుంది. ఇవాళ వేసుకున్నదాంట్లో సగం వారం తర్వాత కూడా రక్తంలో ఉంటుంది. రేపటిది దానికి కలుస్తుంది, ఎల్లుండిది దానికి. అలా కొంచెం కొంచెంగా పెరిగి, వచ్చేదీ పోయేదీ సమానమై ఒక మట్టానికి నిలబడటానికి ఐదారు వారాలు పడుతుంది. రెండో వారంలో పరీక్ష చేయిస్తే సగం నిండిన చెరువుని కొలిచినట్టే.

ఇంకోటి, టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్ హార్మోన్ కాదు. మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కి పంపే కబురు. కూలీ నెమ్మదిస్తే మేస్త్రీ గొంతు పెంచుతాడు కదా, అలా థైరాయిడ్ తగ్గేకొద్దీ టీఎస్‌హెచ్ పెరుగుతుంది. అందుకే అంకె ఎక్కువుంటే హార్మోన్ తక్కువని అర్థం. బిళ్ళ సరిపోయాక కూడా ఆ కేక తగ్గడానికి టైం పడుతుంది.

ఈ టీఎస్‌హెచ్‌ని రక్తంలో కొలవడం 1960ల తర్వాతే వచ్చింది. అంతకుముందు డాక్టర్లు నాడి, బరువు, మొహం చూసి డోసు వేసేవాళ్ళు. రోజుకి 200, 300 మైక్రోగ్రాములు మామూలుగా ఇచ్చేవారు. కొలిచి చూశాక తెలిసింది, చాలామందికి అవసరానికి మించి ఇస్తున్నారని. ఎక్కువైతే గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం. ఏళ్ళ తరబడి ఎక్కువైతే ఎముకలు గుల్లబారడం. డాక్టర్లు ఇప్పుడు తక్కువతో మొదలుపెట్టి, ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి కొలిచి, కొంచెం కొంచెం సర్దుతారంటే అది అప్పట్లో నేర్చుకున్న పాఠమే. ముఖ్యంగా పెద్దవాళ్ళకి, గుండె జబ్బు ఉన్నవాళ్ళకి.

నా సంగతి చెప్తాను. మూడో వారానికి నిద్రమత్తు కొంచెం వదిలింది. ఆరు వారాలకి టీఎస్‌హెచ్ 9. డోసు 75 చేశారు. ఇంకో ఎనిమిది వారాలకి 3. జుట్టు రాలడం ఆగడానికి మాత్రం ఆరేడు నెలలు పట్టింది. అందరికీ ఇలాగే అవుతుందని కాదు. కానీ ఒంట్లో ఒక్కో భాగం ఒక్కో వేగంతో కోలుకుంటుంది. ఒక మాట ముందే చెప్పేస్తా, బరువు సినిమాలో హీరోయిన్ తగ్గినట్టు తగ్గదు. థైరాయిడ్ వల్ల పెరిగినంత వరకే తగ్గుతుంది, అది సాధారణంగా కొద్ది కిలోలే.

టీ, చోడంబలి, ఐరన్ బిళ్ళ

ఈ మందు పేగుల్లోంచి రక్తంలోకి వెళ్ళడమే కాస్త కష్టం. కడుపులో ఇంకేదైనా ఉంటే దానికి అంటుకుని బయటికి పోతుంది. కాఫీ, టీ, పాలు అడ్డం. కాల్షియం అడ్డం, ఐరన్ ఇంకా అడ్డం. మన వైపు పొద్దున్నే చోడంబలి తాగి పొలానికి వెళ్ళే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. చోళ్ళలో కాల్షియం దండిగా ఉంటుంది. మంచిదే, మానక్కర్లేదు. బిళ్ళ వేసుకున్న గంట తర్వాత తాగితే చాలు.

ఐరన్ బిళ్ళలు, కాల్షియం బిళ్ళలు వేసుకునేవాళ్ళు మాత్రం నాలుగు గంటలు ఎడం ఉంచాలి. అమ్మ టీకి ఇప్పుడు మా ఇంట్లో టైం టేబుల్ ఉంది. నేను ఐదున్నరకి బిళ్ళ, ఆరున్నరకి టీ. అమ్మకి కూడా పోయినేడు థైరాయిడ్ తేలింది. ఇద్దరం కలిసే ఎదురుచూస్తాం టీ కోసం.

ఇంకో సంగతి మన వయసు వాళ్ళకి. జుట్టు రాలుతోందని రీల్స్ చూసి బయోటిన్ గమ్మీలు కొంటారు కదా? ఆ బయోటిన్ కొన్ని ల్యాబ్ పరీక్షల్ని తప్పుదారి పట్టిస్తుంది. థైరాయిడ్ అంకెలు లేనిపోనివి వస్తాయి. పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపి, ల్యాబ్‌లో ఆ మాట చెప్పండి.

శ్రీకాకుళం నుంచి కాంగ్రా లోయకి

ఇప్పుడు ఉప్పు కథ. ఇది మన కథ.

1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో ఒక పిల్లాడు పుట్టాడు. పేరు వులిమిరి రామలింగస్వామి. అప్పటికి శ్రీకాకుళం జిల్లా లేదు, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవాళ్ళం. ఆయన విశాఖపట్నం ఆంధ్ర మెడికల్ కాలేజీలో 1944లో ఎంబీబీఎస్ చేశారు. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేశారు. కూనూరులోని పోషకాహార పరిశోధనాలయంలో పనిచేశారు. ఆ పరిశోధనాలయమే తర్వాత హైదరాబాద్‌కి మారి, జాతీయ పోషకాహార సంస్థ అయ్యింది.

హిమాలయాల పొడవునా గళగండం ఇంటింటి జబ్బుగా ఉండేది. కొండల మీద వానలు, వరదలు మట్టిలో అయోడిన్‌ని కడిగేస్తాయి. మట్టిలో లేకపోతే పంటలో లేదు, పంటలో లేకపోతే మనిషిలో లేదు. థైరాక్సిన్‌లో నాలుగు అయోడిన్ పరమాణువులని చెప్పుకున్నాం కదా. ముడిసరుకు లేకపోతే గ్రంథి ఏం చేస్తుంది? ఉన్న కాస్త అయోడిన్‌ని పట్టుకోవడానికి తానే పెరుగుతుంది. అదే గొంతు వాపు.

1956లో రామలింగస్వామి, ఆయన తోటివాళ్ళు హిమాచల్‌లోని కాంగ్రా లోయని మూడు భాగాలు చేశారు. రెండు భాగాల్లో జనానికి అయోడిన్ కలిపిన ఉప్పు, మూడోదాంట్లో మామూలు ఉప్పు. ఆరేళ్ళ తర్వాత బడిపిల్లల గొంతులు మళ్ళీ చూశారు. అయోడిన్ ఉప్పు తిన్న చోట గళగండం సగానికి పడిపోయింది. మామూలు ఉప్పు చోట ఏ మార్పూ లేదు. తర్వాత ఆ మూడో భాగానికి కూడా అయోడిన్ ఉప్పు ఇస్తే అక్కడా తగ్గింది.

1962లో కేంద్రం జాతీయ గళగండ నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది. 2006 నుంచి అయోడిన్ లేని ఉప్పుని తినడానికి అమ్మడం దేశమంతా నిషేధం. రామలింగస్వామి 1969 నుంచి పదేళ్ళు ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టరుగా, తర్వాత భారత వైద్య పరిశోధన మండలి అధిపతిగా ఉన్నారు. 1986లో లండన్ రాయల్ సొసైటీ ఆయన్ని ఫెలోగా తీసుకుంది. 2001లో కన్నుమూశారు. మీ వంటింట్లో ఉప్పు ప్యాకెట్ మీద అయోడైజ్డ్ అని ఉంటుంది కదా, ఆ మాట అక్కడికి రావడంలో ఒక శ్రీకాకుళం మనిషి చెయ్యి ఉంది. ఆయన పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు చెప్పండి?

"మాకు సముద్రం ఉంది, నౌపడలో ఉప్పుమడులున్నాయి, మనకెందుకు అయోడిన్?" అనొచ్చు మీరు. నౌపడ ఉప్పు గొప్పదే. కానీ సముద్రపు నీళ్ళలోనే అయోడిన్ బహు తక్కువ. నీళ్ళు ఎండి గళ్ళు కట్టేసరికి అందులో మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. ఏ మడి ఉప్పుకైనా అయోడిన్ విడిగా కలపాల్సిందే. ఇప్పుడు ఫ్యాషన్‌గా కొంటున్న గులాబీ రంగు రాతి ఉప్పు కూడా అంతే. ప్యాకెట్ మీద అయోడిన్ కలిపామని లేకపోతే, అరవై ఏళ్ళ కష్టాన్ని డబ్బిచ్చి వెనక్కి తిప్పుకుంటున్నట్టు.

ఉప్పు వేరు, బిళ్ళ వేరు

మరి ఉప్పు సరిగ్గా తింటే నా బిళ్ళ మానెయ్యొచ్చా? మా బంధువులు అన్నది ఇదే. "ఉప్పు మార్చు, అదే పోద్ది."

పోదు. రామలింగస్వామి గారు తీర్చింది ముడిసరుకు కొరత. నాలాంటి చాలామందిది వేరే జబ్బు. 1912లో హకారు హషిమోటో అనే జపాన్ డాక్టరు నలుగురు ఆడవాళ్ళ గ్రంథులని సూక్ష్మదర్శినిలో చూసి దాని గురించి రాశాడు. ఒంట్లో రోగాల మీద పోరాడాల్సిన కణాలే థైరాయిడ్ మీద పడి దాన్ని మెల్లగా పాడు చేస్తాయి. అయోడిన్ సరిపడా దొరికే చోట థైరాయిడ్ తగ్గడానికి ఎక్కువగా ఇదే కారణం. మిల్లు పాడైతే వడ్లు ఎన్ని పోసినా బియ్యం రావు. పైగా అయోడిన్ మాత్రలు అదనంగా మింగితే ఇలాంటి గ్రంథికి హాని కూడా జరగొచ్చు. ఉప్పు అందరికీ, బిళ్ళ అవసరమైన వాళ్ళకి. ఒకటి ఇంకోదానికి బదులు కాదు.

అందుకే ఒంట్లో బాగుంది కదా అని మానేస్తే ఏమవుతుందో చూడండి. ఆ బాగుండటం బిళ్ళ వల్లే. ఆపిన వారం పది రోజులు ఏమీ తెలీదు, ఒంట్లో పాతది ఇంకా ఉంటుంది కాబట్టి. "చూశావా, ఏం కాలేదు" అనిపిస్తుంది. రెండు మూడు నెలలకి మళ్ళీ మొదటికొస్తుంది. కొందరికి థైరాయిడ్ తగ్గడం తాత్కాలికమే, నిజమే. కానీ అది పరీక్ష చూసి డాక్టరు చెప్పాలి, మనంతట మనం తేల్చేది కాదు.

దాచమన్న మాట

చివరిగా, సంబంధాల వాళ్ళకి చెప్పొద్దన్న మాట. నాకు అన్నిటికంటే భయం వేసింది దీనికే.

కడుపులో బిడ్డకి మొదటి మూడు నెలలు సొంత థైరాయిడ్ పనిచెయ్యదు. మెదడు తయారయ్యే ఆ రోజుల్లో బిడ్డకి థైరాక్సిన్ అమ్మ రక్తం నుంచే వెళ్ళాలి. అందుకే బిళ్ళ వేసుకునే చాలామందికి గర్భం రాగానే డోసు పెంచాల్సి వస్తుంది. గళగండం ఊళ్ళలో జరిగిన నష్టం గొంతు వాపుతో ఆగలేదు. రామలింగస్వామి తర్వాత ఎయిమ్స్‌లో కొచ్చుపిళ్ళై లాంటి వాళ్ళు ఉత్తరప్రదేశ్ ఊళ్ళలో అప్పుడే పుట్టిన బిడ్డల రక్తం పరీక్షించి, హార్మోన్ లోటు తల్లితో ఆగదని చూపించారు.

ఇప్పుడు ఆలోచించండి. కొత్తగా పెళ్ళైన అమ్మాయి, అత్తారింట్లో సీసా కనబడకూడదని బట్టల కింద దాచుకుంది. ఒకరోజు వేసుకుంటుంది, రెండు రోజులు కుదరదు. పొద్దున్నే అందరితో పాటు టీ తాగాలి. ఆశా కార్యకర్త ఇచ్చిన ఐరన్ బిళ్ళ, ఇదీ కలిపి గబుక్కున మింగేస్తుంది. నెల తప్పిన సంగతి డాక్టరుకి చెప్పేసరికి మూడో నెల దాటిపోతుంది. డోసు పెంచాల్సిన రోజులు వెళ్ళిపోయాయి. జబ్బు పెద్దది కాదు, మందు చవకే, గర్భంలో కూడా సురక్షితమే. ప్రమాదమంతా దాచడంలో ఉంది.

మా ఇంట్లో నేను ఒక్క మాటే చెప్పాను. సంబంధం వస్తే మొదటి రోజే చెప్తాం, సీసా వంటింట్లో ఉప్పు డబ్బా పక్కనే ఉంటుంది. అమ్మ కొంచెం ఆలోచించి, "సరేలే, నాదీ అక్కడే పెడతాన్లే" అంది.

అబ్బాయిలూ, ఈ మాట మీకు కూడా. మీ ఇంట్లో ఎవరైనా ఈ బిళ్ళ వేసుకుంటుంటే, పొద్దున్నే ఆ గంటసేపు వాళ్ళకి టీ పెట్టమని చెప్పకండి. కుదిరితే మీరే పెట్టండి. డోసు మార్చడం, ఆపడం లాంటివి మాత్రం నా మాట విని కాదు, మీ డాక్టరుని అడిగి చెయ్యండి.

ఇవాళ్టికి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో కథతో కలుద్దాం. ఉంటానండి.